బావ కాలు దించిన మలుపు

మొన్న ఆదివారం పొద్దున్న బీచ్ రోడ్డులో నడక ముగించుకుని కొబ్బరిబొండాల బండి దగ్గర ఆగాను. పక్కనే దీపస్తంభానికి ఆనించి ఉన్న సైకిల్ మీద నా చూపు పడింది. సన్నటి టైర్లు, తిన్నటి హ్యాండిల్, తీగలేవీ వేలాడని శుభ్రమైన ఒళ్లు. నేను చదివింది మెకానికల్, చేసేది యంత్రాల మరమ్మతు. కదిలే వస్తువు ఏది కనబడినా దాన్ని తిప్పేదేమిటో చూడకుండా ఉండలేను. వంగి చూశాను. వెనక చక్రానికి ఒక్కటే పళ్లచక్రం, అది కూడా హబ్బుకు కదలకుండా బిగించి ఉంది. ఆ సైకిల్ తాలూకు యువకుడు నా వంగుడు చూసి సంతోషపడ్డాడు. "దీనికి గేర్లుండవు అంకుల్. చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరుగుతానే ఉంటాయి, కాళ్లు ఆపడం కుదరదు. దీని మీదే మేం కైలాసగిరి ఎక్కేత్తన్నాం," అన్నాడు. ముప్పై దాటి నాకు ఎన్నో ఏళ్లు కాలేదు. ఆ 'అంకుల్'ని బొండాం నీళ్లతో పాటు మింగేసి, మా బావ ఇలాంటి సైకిల్ మీదే యారాడ కొండ ఎక్కాడనీ, అదీ మోకాలి చిప్ప విరిగి అతికిన కాలుతో ఎక్కాడనీ చెప్పాను. అతను నమ్మలేదు. నమ్మలేదని తెలియనివ్వకుండా మర్యాదగా, "ఏ కాలండీ?" అని అడిగాడు. నేను చెప్పబోయి ఆగిపోయాను. ఏ కాలు? సైకిల్‌కి చైన్ ఉండేది కుడివైపు. బావకి దెబ్బ తగిలింది చైన్ లేని వైపు కాలికి. అంటే ఎడమ. "ఎడమ," అన్నాను. ఇంత చిన్న సంగతికి చైన్ దాకా వెళ్లి లెక్క కట్టుకోవాల్సి వచ్చిందేమిటా అని ఇంటికి చేరేదాకా ఆశ్చర్యపోతూనే ఉన్నాను. ఒకప్పుడు మా ఇంటిల్లిపాదీ ఆ మోకాలు తప్ప ఇంకేమీ చూడని రోజులున్నాయి.

బావ అంటే మా అక్క భర్త. కూర్మన్నపాలెం దగ్గర ఇనుప పలకలు నిలవచేసే పెద్ద యార్డు ఒకటుంది, అందులో క్రేన్ ఆపరేటరు. షెడ్డు కప్పు కింద పట్టాల మీద ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగే క్రేన్, దానికి వేలాడే అద్దాల గది, ఆ గదిలోకి వెళ్లడానికి స్తంభాన్ని ఆనుకుని నిట్టనిలువుగా ఒక ఇనుప నిచ్చెన. ఆ గదిలో కూర్చున్న మనిషికి కింద ఎవరు ఏం అరిచినా వినబడదు. అందుకే అంతా చేతి సైగల మీదే నడుస్తుంది. చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పితే ఎత్తమని, కిందికి చూపించి తిప్పితే దించమని, అరచెయ్యి నేల వైపు పెట్టి చెయ్యి అడ్డంగా ఊపితే ఆపమని. ఎత్తమనీ దించమనీ సైగ చేసే అధికారం అందుకు పెట్టిన ఒక్క మనిషిదే. ఆపమనే సైగ మాత్రం ఎవరు చేసినా ఆగాలి. అక్క పెళ్లయిన కొత్తలో బావ నాకు ఈ సంగతి చెప్పాడు. "మేనేజరు ఊపినా ఆగాల, టీ అమ్మే ఆవిడ ఊపినా ఆగాల. ఎందుకూ ఏటీ అని అడక్కూడదు బావ. ముందు ఆగాల, తర్వాత అడగాల." ఆ సాయంత్రం మొత్తం మీద ఆయన మాట్లాడింది అంతే. ఆయన మాటలు తక్కువ మనిషి. ఆయన ఇంట్లో ఉన్న మిగతా ఇద్దరూ, అంటే మా అక్కా, ఆయన తల్లీ, ఆ లోటు తెలియనివ్వకుండా చూసుకుంటారు. బావ తల్లిని నేను అత్త అనే పిలుస్తాను.

అంత ఎత్తు రోజూ ఎక్కి దిగే మనిషి ఆఖరికి పడింది తన ఇంటి ముందు మెట్ల మీద. వాటిని మెట్లు అనడం కూడా గౌరవమే. వీధికీ వరండాకీ మధ్య ఎప్పుడో పోసిన సిమెంటు ముద్దలు. తొలకరి వాన పడిన సాయంత్రం గ్యాస్ సిలిండర్ భుజాన పెట్టుకుని ఎక్కుతుంటే చెప్పు జారింది. సిలిండర్ దొర్లుకుంటూ వెళ్లి అక్క పెంచుకుంటున్న కనకాంబరాల మధ్య క్షేమంగా ఆగింది. బావ ఎడమ మోకాలు మెట్టు అంచుకు తగిలింది. చిప్ప విరిగింది. ఆపరేషన్ చేసి తీగ వేసి బిగించారు. ఆ తర్వాత చాలా వారాలు ఆ ఇంటికి చర్చి సంఘం వాళ్లు వస్తూ పోతూ ఉన్నారు. ప్రతివాళ్లూ ఒక ప్రార్థన చేసేవాళ్లు, తర్వాత తమకు తెలిసిన ఒక మోకాలి కథ చెప్పేవాళ్లు. ఆ కథల్లో సగం మంది మళ్లీ నడవలేదు. బావ పైకప్పు కేసి చూస్తూ వినేవాడు. వాళ్లు వెళ్లిపోయాక అత్త, పాస్టరుగారు ప్రార్థించి ఇచ్చిన కొబ్బరినూనె సీసా మూత తీసి, ఆ మోకాలికి గుండ్రంగా రాస్తూ, విన్న కథలన్నీ మొదటి నుంచి మళ్లీ చెప్పేది.

వానలు వెనకబట్టేసరికి ఎముక అతికింది. డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూపించి, "ఎముక మీద నాకు నమ్మకం వచ్చింది, ఇంక మీకు రావాలి," అన్నాడు. బావకి రాలేదు. కుర్చీలోంచి లేస్తే కుడికాలి మీదే లేచేవాడు. చర్చిలో పాటలకి నిలబడితే ఒళ్లంతా కుడివైపుకే ఒరిగేది, ఎడమకాలు చుట్టపుచూపుగా వచ్చినట్టు పక్కన నిలబడేది. మేం ఏమన్నా అంటే, "బాగానే ఉన్నాది," అనేవాడు. బాగానే ఉందని మాకూ తెలుసు. అది తన బరువు మోస్తుందని ఆ మనిషి ఒంటికే ఇంకా తెలియలేదు. ఇక్కడే నిచ్చెన అడ్డొచ్చింది. మామూలు మెట్లయితే గోడ పట్టుకుని ఒంటికాలి మీద నెట్టుకురావచ్చు. నిట్టనిలువు నిచ్చెన మీద ప్రతి మెట్టుకీ ఒక్క కాలే ఒళ్లంతా మొయ్యాలి. ఒకసారి కుడిది, ఒకసారి ఎడమది, మినహాయింపులుండవు. యార్డు వాళ్లు మంచిగానే చెప్పారు. కొత్త సంవత్సరం లోపు నిచ్చెన ఎక్కగలనంటే డాక్టరు ముందు ఎక్కి చూపించి పాత పనిలోకి రావచ్చు. లేదంటే కింద స్టోర్లో కుర్చీ పని, జీతం మారదు. అక్కకి స్టోరే నచ్చింది. బావ నాతో వరండాలో కూర్చున్నప్పుడు మెల్లగా అన్నాడు, "స్టోర్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవుడో ఒకడు వచ్చి బోల్టులు కావాల, నట్లు కావాల అంటాడు. ఇంట్లో మా అమ్మ, మీ అక్క. ఎక్కడో ఒక సోట నాకు నోరు లేని సోటు ఉండాల కదా బావ." ఆయన నాతో అంత పొడుగు వాక్యం అంతకుముందు ఎప్పుడూ అనలేదు. దాన్నిబట్టి ఆ అద్దాల గది ఆయనకి ఏమిటో నాకు అర్థమైంది.

కాలు వంగాలంటే సైకిల్ తొక్కమని ఆస్పత్రిలో వ్యాయామం చేయించే ఆవిడ చెప్పింది. బావకి పెళ్లికి ముందు నుంచీ ఉన్న నల్ల సైకిల్ ఒకటి ఉంది, బరువైన ఇనుప సైకిల్, కడ్డీల బ్రేకులది. నేను గేర్ల సైకిల్ కొందామన్నాను. "గేర్లు కార్లకుంటాయి," అన్నాడు బావ, ఆ చర్చ అంతటితో ముగిసింది. ఆ నల్ల సైకిల్ మీద రోజూ కాలనీ చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. నేను వెనకే స్కూటర్ మీద వెళ్తూ గమనించాను. పని మొత్తం కుడికాలే చేస్తోంది. కుడికాలు ఒక్క తోపు తోస్తుంది, తర్వాత రెండు కాళ్లూ ఆగిపోతాయి, వెనక చక్రం టకటకమంటూ తనంతట తను తిరుగుతుంది, ఆ టకటక అయిపోగానే మళ్లీ కుడికాలు తోస్తుంది. ఎడమకాలు పెడల్ మీద ప్రయాణికుడిలా కూర్చుని ఉంది. మనం తొక్కడం ఆపినా చక్రాన్ని తిరగనిచ్చేది ఫ్రీవీల్. మనిషి కనిపెట్టిన సుఖాల్లో అది చాలా గొప్పదని నా అభిప్రాయం. కానీ బావ కాలు దాని చాటున దాక్కుంటోంది. ఇంటికి వెళ్లి కాగితం మీద నాలుగు గీతలు గీసుకుని, మర్నాడు ఆ వెనక చక్రం విప్పి గాజువాకలో వెల్డింగ్ చేసేవాడి దగ్గరికి తీసుకెళ్లాను. కొండకి పనికొచ్చేలా పళ్లు ఎక్కువున్న ఫ్రీవీల్ ఒకటి వేయించి, అది ఇంక విడిగా తిరగకుండా వెల్డింగ్ పెట్టమన్నాను. అతను దాన్ని వేలితో తిప్పి చూసి నన్ను జాలిగా చూశాడు. "పాడైనదాన్ని బాగుసెయ్యమంటారు గానీ, బాగున్నదాన్ని పాడుసెయ్యమంటారేటి సార్?" అన్నాడు. అయినా పెట్టాడు.

మొదటిరోజు ఆ సైకిల్ బావని దాదాపు కింద పడేసింది. కొంచెం వేగం అందుకోగానే అలవాటుగా కాళ్లు ఆపబోయాడు. పెడళ్లు ఆగలేదు. అవి ఆయన్ని సీటు మీంచి లేపి కూర్చోబెట్టాయి. వీధి గుమ్మంలో నిలబడ్డ అక్క, "ఏటండీ, మీరు సైకిల్ తొక్కుతన్నారా, సైకిల్ మిమ్మల్ని తొక్కుతన్నాదా?" అని అరిచింది. ఎదురింటి వాళ్లు కూడా బయటికొచ్చారు. నేను పక్కనే పరిగెడుతూ నా సూచనలన్నీ వరసగా అప్పజెప్పాను. ఒకటి, కాళ్లతో ఆపడానికి ప్రయత్నించకూడదు, బ్రేకులే వాడాలి. రెండు, ఎక్కడ ఆగాలో ముందే అనుకోవాలి. మూడు, దిగుడు వస్తే దిగి నడిపించుకోవాలి. నాలుగోది చెప్పకముందే బావ బ్రేకు నొక్కి ఆగాడు. "బావ, నువ్వు మాటాడకు. సైగలు సెయ్యి సాలు," అన్నాడు. అప్పట్నుంచి అలాగే చేశాం. నేను స్కూటర్ మీద ముందు వెళ్లి, మలుపు దగ్గర నిలబడి, దారి బాగుంటే వేలు పైకెత్తి తిప్పేవాణ్ణి, లారీ ఏదైనా వస్తుంటే చెయ్యి అడ్డంగా ఊపేవాణ్ణి. నా సైగ పడిందంటే బావ ఎక్కడున్నవాడు అక్కడ ఆగేవాడు. నా మాట అంత శ్రద్ధగా విన్న మనిషి నాకు అంతకుముందు గానీ తర్వాత గానీ దొరకలేదు.

ఒక వారం గడిచేసరికి ఎడమకాలు తిరగడం నేర్చుకుంది, తిరగక దానికి గత్యంతరం లేదు. దువ్వాడ వెళ్లే దారిలో చిన్న ఎత్తులు ఎక్కించాను. ఎక్కుడులో ఫ్రీవీల్ లేని చక్రానికి ఒక మంచి గుణముంది. పెడల్ పైదాకా వచ్చి కాలికి బలం చిక్కని చోట, చక్రమే కాలిని ముందుకు నెట్టి దాటిస్తుంది. కానీ నాకు ఒక సంగతి కనబడింది, బావకి చెప్పలేదు. ఆగినప్పుడల్లా ఆయన కుడికాలే దించుతున్నాడు. వేగం తగ్గించుకుంటూ, పెడళ్లని లెక్కగా తిప్పుకుంటూ వచ్చి, కుడిపెడల్ కిందికి రాగానే ఆగి కుడికాలు నేలకి ఆనిస్తాడు. అంటే ఆ కాలు తిరగడానికి ఒప్పుకుంది గానీ మొయ్యడానికి ఒప్పుకోలేదు. దానికి నా దగ్గర వెల్డింగ్ లేదు. ఈలోగా ఇంకో చిక్కు వచ్చింది. చైన్ దుమ్ము పట్టి నల్లటి ముద్దలా తయారవుతోంది. ఎంత తుడిచినా మర్నాటికి అంతే. వాసన చూస్తే కొబ్బరినూనె. అత్త రోజూ పొద్దున్న మోకాలికి రాయగా మిగిలింది చైన్‌కి కూడా రాస్తోంది. కొబ్బరినూనె దుమ్ముని ఎలా పట్టుకుంటుందో నేను ఆవిడకి చాలాసేపు వివరించాను. ఆవిడ అంతా విని, "నీ ఇంజనీరింగు నువ్వు సెయ్యి నాయనా, నా ప్రార్థన నాను సేత్తాను. చైనుకి రెండూ పడతాయిలే," అంది.

క్రిస్మస్ దగ్గరపడింది. వీధిలో అందరి ఇళ్ల మీదా కాగితపు నక్షత్రాలు వెలిగాయి. బావ ఇంటి నక్షత్రం ఏటా ఆయనే వెదురు నిచ్చెన వేసుకుని కడతాడు. ఆ ఏడు నేను కట్టాను. తిన్నగానే కట్టాననుకున్నాను. బావ వరండాలో కూర్చుని దాన్ని చూసినప్పుడల్లా మొహం పక్కకి తిప్పుకునేవాడు. ఒక సాయంత్రం అందరం ఉండగా ఆయనే చెప్పాడు. "శనివారం యారాడ కొండ ఎక్కుతాను. పైదాకా కాలు దించకుండా ఎక్కితే, సోమవారం ఎల్లి నిచ్చెన ఎక్కుతానని సెప్తాను. మజ్జలో దించేనంటే స్టోరుకి ఒప్పీసుకుంటాను. ఇంక ఈ ఇంట్లో నా మోకాలి ఊసు ఎవరూ ఎత్తకండి." తర్వాత అక్క వంటింట్లో నాతో అంది, "దించేత్తే బాగుణ్ణురా అని ఒక మనసు. దించితే ఆయన మొహం ఎలాగుంటాదో అని ఒక మనసు."

శనివారం పొద్దున్నే సైకిల్‌ని సామాన్ల ఆటోలో వేసుకుని కొండ మొదట్లో దించుకున్నాం. నేను తెచ్చినవి: గాలి పంపు, పానాలు, చైన్ లింకులు, మోకాలికి కట్టే పట్టీ, గ్లూకోజు కలిపిన నీళ్లు, డాక్టరు ఫోన్ నంబరు. బావ తెచ్చినది భుజం మీద తువ్వాలు. యారాడ కొండ రోడ్డు మొదట్లో మంచిగా పలకరిస్తుంది. ఒకటి రెండు మలుపులు దాటాక తన అసలు రూపం చూపిస్తుంది. ఒకే గేరున్న సైకిల్‌కి అక్కడ దాక్కునే చోటుండదు. కూర్చుని తొక్కడం కుదరదు. సీటు మీంచి లేచి, ఒళ్లంతా ఒక్కో పెడల్ మీద మార్చి మార్చి వెయ్యాలి. బావ లేచి నిలబడ్డాడు. నల్ల సైకిల్ కిర్రుమంటూ పాకింది. నేను స్కూటర్ మీద మలుపు మలుపుకీ ముందు వెళ్లి నిలబడి వేలు తిప్పుతున్నాను. ఆయన నా దాకా వస్తున్నాడు, నా కేసి చూడకుండా దాటుతున్నాడు. ఊపిరి మాత్రం వినబడుతోంది. కొండ చివర ఇంక కనబడుతోంది అనగా అన్నిటికన్నా నిలువుగా లేచే మలుపు ఒకటుంది. అక్కడ దారి పక్కన ఒకావిడ నిలబడి ఉంది. మల్కాపురం వైపు చేపలమ్ముకుని యారాడ తిరిగి వెళ్తున్నట్టుంది, చంకలో ఖాళీ సిల్వర్ తట్ట. నేను ఆవిడకి కొంచెం పైన నిలబడి వేలు తిప్పుతున్నాను. బావ మలుపులోకి వచ్చాడు. ఆయన వెనక, కింద నుంచి, షేర్ ఆటో ఒకటి రొద చేస్తూ ఎక్కుతోంది. ఆవిడ ఆ ఆటోని చూసింది. తట్ట కింద పెట్టి, రెండు చేతులూ చాపి, అరచేతులు నేల కేసి పెట్టి అడ్డంగా ఊపింది.

బావ ఆగిపోయాడు. ఆలోచించి ఆగలేదు. ఎన్నో ఏళ్లుగా ఆ సైగకి ఆగిన చేతులు బ్రేకులు నొక్కేశాయి. అంత నిలువు ఎక్కుడులో బ్రేకు పడితే సైకిల్ పాతినట్టు నిలబడిపోతుంది. ఆటో బావని తప్పించుకుని, నిండా మనుషులతో, ఆవిడ కేసి చూడకుండా వెళ్లిపోయింది. ఆవిడ చేతులు నడుం మీద పెట్టుకుని బావ కేసి తిరిగింది.

"ఏటి బాబూ, నాను ఆటోని ఆపితే నువ్వు ఆగిపోనావేటి? నీ సైకిల్ నానెక్కాలా ఏటి?"

"నువ్వు సెయ్యి ఊపేవు కదమ్మా," అన్నాడు బావ రొప్పుతూ.

"ఊపితే? నీకు ఊపేనా?"

"ఎవరు ఊపినా ఆగాల. రూలు."

"ఓలమ్మ! ఈ కొండ మీద అదేం రూలు? నానింక ఊరంతా సేతులూపుకుంటూ ఎల్తే ఊరంతా ఆగిపోవాలా? నువ్వు అడ్డంగా నిలబడ్డావనే ఆడు నన్ను సూళ్లేదు. ఇంకో ఆటో ఎప్పుడొత్తాదో ఏటో!"

బావ ఆవిడకి సమాధానం చెప్పడానికి చూస్తున్నాడు. రెండు చేతులతో బ్రేకులు పట్టుకుని, సైకిల్ వెనక్కి జారకుండా కాచుకుంటూ, క్రేన్ సైగల గురించి ఆవిడకి వివరిస్తున్నాడు. నాకు ఆయన కాళ్లు కనబడుతున్నాయి. బ్రేకు పడిన క్షణంలో కుడిపెడల్ పైనుంది, ఎడమపెడల్ కిందుంది. ఫ్రీవీల్ ఉంటే పెడళ్లు వెనక్కి తిప్పుకుని తనకు కావలసిన కాలు దించుకునేవాడు. ఈ చక్రంతో ఆ వీలు లేదు. కిందనున్న కాలే నేలకి దిగింది. కుడికాలు ఇంకా పైపెడల్ మీదే ఉంది. ఆ ఏటవాలు మీద, మనిషి బరువూ ఆ ఇనుప సైకిల్ బరువూ కలిపి, ఒక్క ఎడమకాలి మీద నిలబడి, చేపలావిడతో వాదిస్తున్నాడు. మోకాలు వణకలేదు. చెబితే భయపడి కాలు మార్చేస్తాడేమో అని ఒక భయం, చెప్పకపోతే ఈ సంగతి ఎప్పటికీ తెలియదేమో అని ఇంకో భయం.

ఈలోగా బావకే తను కాలు దించిన సంగతి గుర్తొచ్చింది. మాట మధ్యలో ఆగి, నా కేసి తిరిగి చూశాడు. ఆ మొహం నేను మళ్లీ చూడాలనుకోను. "అయిపోనాది బావ. దించీసేను. స్టోరే," అన్నాడు.

"ఏ కాలు దించేవు బావ?" అన్నాను.

ఆయన కిందికి చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత, ఎవరి వస్తువో చేతిలోకి తీసుకుని చూసినట్టు, ఆ మోకాలిని కొంచెం వంచాడు, మళ్లీ నిటారుగా చేశాడు. కుడికాలు పెడల్ మీంచి తియ్యలేదు. ఇంకోసారి వంచాడు. చేపలావిడ ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "ఈ బావాబావమరుదులకి ఏటైనాదమ్మా, కాలు ఎప్పుడూ సూసుకోనేదా?" అంది. బావ నవ్వడం మొదలుపెట్టాడు. తొలకరి తర్వాత ఆయన నవ్వగా చూడటం అదే మొదలు.

నిలువు ఎక్కుడులో ఆగిపోయిన సైకిల్‌ని, అదీ ఒకే గేరుదాన్ని, మళ్లీ కదిలించడం పెద్ద పని. నేను వెళ్లి తోద్దామనేలోగా ఆవిడే కొంగు బిగించి వెనక క్యారియర్ పట్టుకుంది. "తొక్కు మరి! నా వల్ల ఆగినావు కాబట్టి తోత్తన్నాను. ఇంకోడికైతే తొయ్యను," అంది. ఎడమకాలితో నేలని తన్ని, కుడికాలితో పెడల్ నొక్కి, బావ కదిలాడు. నేను ఆవిణ్ణి స్కూటర్ మీద ఎక్కించుకున్నాను. తట్ట నా వీపుకి గుచ్చుకుంటోంది. ఆవిడ నా భుజం మీంచి, "తొక్కు బాబూ తొక్కు! నత్త కూడా ఎల్లిపోతన్నాది!" అని కొండంతా వినబడేలా అరుస్తూ వచ్చింది. పైకి చేరాక బావ ఆగాడు. ఈసారి పెడళ్లని లెక్కగా తిప్పుకుంటూ వచ్చి, ఎడమపెడల్ కిందికి రాగానే ఆగి, ఎడమకాలు దించాడు. ఒకవైపు సముద్రం, లోపలికి రావడానికి వరస కట్టి ఎదురుచూస్తున్న ఓడలు. ఇంకోవైపు హార్బరు, దాని ఒడ్డున క్రేన్లు. బావ ఆ క్రేన్లనే చూస్తూ నిలబడ్డాడు, తువ్వాలుతో మొహం తుడుచుకోవడం కూడా మరచిపోయాడు. వెనకే వచ్చిన ఇంకో ఆటోకి ఆవిడ చెయ్యి ఊపబోయి, బావ కేసి తిరిగి, "నీకు కాదు, ఆటోకి," అని చెప్పి మరీ ఊపింది.

ఇంటికి వచ్చేసరికి అక్క గుమ్మంలో ఉంది. ఏమైందని అడగలేదు, మోకాలి ఊసెత్తొద్దని బావ అన్నాడు కదా. బావ తిన్నగా దొడ్లోకి వెళ్లి వెదురు నిచ్చెన తెచ్చి గోడకి వేశాడు. ఎక్కాడు. కుడి, ఎడమ, కుడి, ఎడమ. ఎడమ వంతు వచ్చినప్పుడల్లా అక్క చేతిలోని బియ్యం చేట కదలడం ఆగిపోవడం చూశాను. పైకెక్కి నేను కట్టిన నక్షత్రం తాళ్లు విప్పి, తిన్నగా సరిచేసి కట్టి దిగాడు. "ఎన్నాళ్లనుంచి సూడలేక సత్తన్నాను," అన్నాడు. అక్క చేట పక్కన పెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు, బహుశా ఆవిడకీ తెలిసుండదు. అత్త లోపల్నుంచి వచ్చి నక్షత్రాన్ని చూసి, కొడుకు మోకాలిని చూసి, నన్ను చూసి, "నూనె పని సేసిందా?" అంది. చేసిందన్నాను. సోమవారం యార్డులో డాక్టరు ముందు నిచ్చెన ఎక్కి దిగిన సంగతి బావ నాకు ఒక్క ముక్కలో చెప్పాడు. "ఎక్కేను." ఆ క్రిస్మస్ కూరలో ఉప్పు ఎక్కువైంది, ఎవరూ గమనించలేదు.

పండగయ్యాక బావ ఆ వెనక చక్రం విప్పి నా చేతికిచ్చి, మామూలు ఫ్రీవీల్ వేయించి తెమ్మన్నాడు. "ఇంక నా కాళ్లు నా ఇష్టం," అన్నాడు. గాజువాక వెల్డింగ్ అతను నన్ను గుర్తుపట్టి, ఈసారి ఏం పాడుచెయ్యాలని అడిగాడు. ఇప్పుడు ఆ నల్ల సైకిల్ మీద బావ కూరగాయలకి వెళ్తుంటే, వీధి మొదట్లోనే ఆ టకటక వినబడుతుంది. కాళ్లు రెండూ హాయిగా ఆపేసి, చక్రాన్ని దాని మానాన తిరగనిస్తూ వస్తాడు. వెల్డింగ్ పెట్టిన పాత ఫ్రీవీల్ నా పనిముట్ల పెట్టెలో ఉంది. దాని మీద దుమ్ము ముద్ద ఇంకా కొబ్బరినూనె వాసన వేస్తుంది.

బీచ్ రోడ్డు నుంచి వచ్చిన ఆ ఆదివారమే, ఆరాధన అయ్యాక చర్చి బయట చెట్టు కింద నిలబడి, బావ మెట్లు దిగి రావడం చూశాను. చేతిలో బైబిలు, పక్కన అక్క, వెనక అత్త, ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. చైన్ వైపు, చైన్ లేని వైపు అనే లెక్క లేకుండా, నడక చూసి ఏ కాలో పట్టుకోగలనా అని చివరి మెట్టు దాకా శ్రద్ధగా చూశాను. పట్టుకోలేకపోయాను. ఇంటిల్లిపాదీ బెంగగా కళ్లప్పగించి చూసినదాన్ని, ఇంక చూడాల్సిన పని లేనిదిగా చేసేసి చప్పుడు లేకుండా పక్కకి తప్పుకుంది కాలం. ఇన్నేళ్ల నా పనిలో ఇంతకన్నా మంచి మరమ్మతు నేను చూడలేదు.